స్థానిక సంస్థల్లో చిన్న బకాయిల రద్దు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి

గ్రామ పంచాయతీకి, పురపాలికకు రావలసి ఉండి, ఎంత తిరిగినా వసూలు కాని చిన్న మొత్తాలను లెక్కల్లోంచి తీసేయడాన్ని బకాయిల రద్దు అంటారు. ఆఫీసు మాటలో ఇది రైటాఫ్. ఇంటి పన్ను, నల్లా బిల్లు, లైసెన్సు ఫీజు, సంత వేలం కిస్తు, జరిమానా వంటివన్నీ ఈ కోవలోకి వస్తాయి. ఒక్కో బాకీ వందల్లోనో, మహా అయితే కొన్ని వేలల్లోనో ఉంటుంది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విడిపోయినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లాల హద్దులు, పంచాయతీల హద్దులు, పట్టణాల హద్దులు కొన్నేళ్ల తేడాలో మారిపోయిన ప్రాంతం కనుక, చిన్న బకాయి ఎలా పుడుతుందో, ఎందుకు చావదో ఇక్కడ బాగా కనిపిస్తుంది.

రద్దునూ మాఫీనీ జనం ఒకటిగానే వాడతారు కానీ ఆఫీసులో రెండూ వేరు. మాఫీ ప్రభుత్వం ఇచ్చే వరం. బాకీదారు ఇవ్వగలిగినా సరే, ఇవ్వనక్కర్లేదని చెప్పడం. రద్దులో వరం ఏమీ లేదు. ఈ డబ్బు ఇక రాదని సంస్థ తన పుస్తకంలో తానే ఒప్పుకోవడం. మాఫీ పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కుతుంది, రద్దు తీర్మానాల పుస్తకంలో ఒక పేరాగా ఉండిపోతుంది.

రిజిస్టరులో ఒక వరుస

పన్నుల లెక్కకు మూలం డిమాండ్ రిజిస్టర్. అందులో ఒక్కో ఇంటికి ఒక్కో వరుస: అసెస్‌మెంట్ నంబరు, ఇంటి నంబరు, యజమాని పేరు, పాత బకాయి, ఈ ఏటి డిమాండ్, వసూలైంది, మిగిలింది. ఏడాది చివర ఈ గళ్ల మొత్తాలే డీసీబీగా, అంటే డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్ పట్టికగా పై ఆఫీసుకు వెళ్తాయి. మిగిలిన బాకీ మరుసటి ఏప్రిల్‌లో పాత బకాయి గడిలోకి ఎక్కుతుంది. ఎవరూ ఏమీ చేయకపోతే అది అలా ఏటేటా ఎక్కుతూనే ఉంటుంది.

వసూలు కాని వరుస ఒకటి చూస్తే కథ అర్థమవుతుంది. పేరు తండ్రిది. ఆయన పోయి పదేళ్లు దాటింది. ఇల్లు ముగ్గురు కొడుకులు పంచుకున్నారు కానీ మ్యుటేషన్ చేయించుకోలేదు. పెద్దవాడు హైదరాబాద్‌లో, రెండోవాడు భివండీలో, మూడోవాడి భాగం కూలిపోయి చెట్లు మొలిచాయి. బిల్లు కలెక్టర్ వచ్చినప్పుడల్లా ఉన్న గది తాళం వేసి ఉంటుంది. 'డోర్ లాక్' అని రాసుకుని వెళ్తాడు. కూలిన ఇంటికి పన్ను తీసేయమని దరఖాస్తు పెట్టవలసింది యజమాని, ఆ యజమాని లేడు. పన్ను మాత్రం లేని ఇంటి మీద, లేని మనిషి పేరున పడుతూనే ఉంటుంది. దీన్ని ఎగవేత అనడానికి లేదు. ఎగ్గొట్టాలంటే ముందు కట్టవలసిన మనిషంటూ ఒకడు ఉండాలి.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. ఒకే ఇంటికి పాత నంబరు మీద ఒకటి, కొత్త నంబరు మీద ఒకటి, రెండు డిమాండ్లు నడవడం. రోడ్డు వెడల్పులో పోయిన డబ్బా కొట్టు లైసెన్సు ఫీజు. బోరు ఎండి ఏళ్ల తరబడి నీళ్లు రాని నల్లాకు నెలనెలా పడిన బిల్లు. బందెలదొడ్డిలో పెట్టిన పశువును జరిమానా కట్టకుండా వదిలేసి పోయిన బాకీ. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చెత్త వీధిలో పారేసినందుకు వేసే 500 రూపాయల జరిమానా కూడా వీటిలో చేరింది. వేయడం తేలికే, రాబట్టడమే కష్టం.

దుకాణాల కిరాయిని మాత్రం వీటితో కలపకూడదు. పురపాలిక కాంప్లెక్సులో మడిగె తీసుకున్నవాడు ఎదురుగానే ఉంటాడు, అందులో వ్యాపారమూ నడుస్తుంటుంది. అది ఒప్పందపు బాకీ. చిన్నదైనా, పాతదైనా దాన్ని వసూలు కాని పద్దులో వేయడానికి కారణం దొరకదు. వేసినచోట అనుమానించవలసిందే.

చట్టం చూపిన దారి

పన్ను వేసే అధికారం స్థానిక సంస్థలకు రాజ్యాంగపు 243హెచ్, 243ఎక్స్ అధికరణాల కింద రాష్ట్ర శాసనసభ చేసిన చట్టాల ద్వారా వస్తుంది. వేసే అధికారంతో పాటు వదులుకునే అధికారమూ ఆ చట్టాల్లో ఉంటుంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం, పన్ను గానీ ఫీజు గానీ ఒప్పందం కింద రావలసిన మొత్తం గానీ ఇక వసూలు కాదని పంచాయతీ అభిప్రాయపడితే, ప్రభుత్వం పెట్టిన పరిమితులకు లోబడి రద్దు చేయవచ్చు. మూడు జిల్లాల పల్లెలూ 2018 ఏప్రిల్ దాకా ఆ చట్టం కిందే నడిచాయి. ఇప్పుడు పల్లెలకు తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018, పట్టణాలకు తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 వర్తిస్తాయి.

పనిగా చూస్తే ఇది సాదాసీదా వ్యవహారం. కారోబార్ (పంచాయతీ గుమాస్తా) గానీ బిల్లు కలెక్టర్ గానీ రాని బాకీల జాబితా రాస్తాడు. ఒక్కో పేరు ఎదుట కారణం ఉండాలి: చనిపోయారు, వారసులు లేరు, ఇల్లు కూలింది, రెండుసార్లు నమోదైంది, ఊరు విడిచి పోయారు, జాడ లేదు. బిల్లు, నోటీసు ఎప్పుడిచ్చారో తేదీలు ఉండాలి. పంచాయతీ కార్యదర్శి వాటిని తనిఖీ చేసి సమావేశం ముందు పెడతాడు. తీర్మానం అయ్యాక, మొత్తాన్ని బట్టి పై అధికారి అనుమతి కావాలి. ఆ తర్వాతే రిజిస్టరులో ఎర్ర సిరాతో కొట్టేయాలి, తీర్మానం నంబరు పక్కన రాయాలి. పురపాలికల్లోనూ కౌన్సిల్ తీర్మానమే మొదటి మెట్టు.

ఇందులో కష్టం కలిగించేది డబ్బు కాదు, సంతకం. రద్దు చేసిన ప్రతి పద్దునూ స్టేట్ ఆడిట్ వాళ్లు చూస్తారు. జనం నోట్లో ఇప్పటికీ ఇది లోకల్ ఫండ్ ఆడిటే. 'వసూలుకు తగిన ప్రయత్నం చేయలేదు' అని అభ్యంతరం రాస్తే జవాబు చెప్పుకోవలసింది సంతకం పెట్టినవాడే. బకాయిని అలాగే ముందుకు తోస్తే మాత్రం ఎవరి మీదకూ ఏమీ రాదు. వసూలు శాతం తగ్గిందని నెలవారీ సమీక్షలో ఒక మందలింపు, అంతే. కార్యదర్శి మూడేళ్లలో బదిలీ అయి పోతాడు. అతని వైపు నుంచి చూస్తే తోసేయడమే తెలివైన పని.

కాలపరిమితి ఇంకో చిక్కు. చట్టం పెట్టిన గడువు దాటిన బాకీ కోసం సామాను జప్తు చేయడం, కోర్టులో దావా వేయడం కుదరదు. అంటే చట్టం దృష్టిలో వసూలుకు పనికిరాని బాకీ కూడా రిజిస్టరులో నిక్షేపంగా బతికే ఉంటుంది. డీసీబీ చూసి ఫలానా పంచాయతీకి ఇన్ని లక్షలు రావాలి అని చెప్పే మాటలో ఇలాంటి నీళ్లు ఎంత కలిశాయో ఎవరూ విడదీసి చెప్పరు. ఆ లెక్కను నమ్మి బడ్జెట్ వేసుకున్న పంచాయతీకి ఖర్చు నిజం, రాబడి కాగితం.

పట్టణాల్లో: అసలు ఉంచి, వడ్డీ తీసి

పురపాలికల్లో గడువు దాటిన ఆస్తి పన్ను మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాదికి 24 శాతం. ఈ రేటు చిన్న బాకీని ఏం చేస్తుందో లెక్క వేసి చూడవచ్చు. ఏడాదికి 600 రూపాయల పన్ను ఉన్న ఇల్లు పదేళ్లు కట్టలేదనుకుందాం. అసలు 6,000. మొదటి ఏటి పన్నుకు పదేళ్ల వడ్డీ, రెండో ఏటిదానికి తొమ్మిదేళ్లది, అలా చివరిదానికి ఒక ఏడాదిది కలిపితే బారువడ్డీ లెక్కనే 7,920 అవుతుంది. అసలును వడ్డీ మింగేసింది. మొత్తం 13,920 కట్టమంటే, మొదట 600 కట్టలేనివాడు ఎక్కడినుంచి తెస్తాడు? తెచ్చేవాడు కూడా తేడు. వాయిదా వేస్తే మాఫీ వస్తుందని అతనికి తెలుసు.

మాఫీ వచ్చింది కూడా. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఆస్తి పన్ను పాత బకాయిల వడ్డీలో 90 శాతం తీసేసే ఏకకాల పరిష్కార పథకం (ఓటీఎస్) పెట్టింది. 2022 జులైలో హైదరాబాద్‌తో పాటు మిగతా పురపాలికలకూ అదే తరహా పథకం వచ్చింది. 2024 మార్చిలో ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు కట్టేవారికి మరోసారి అవకాశం ఇచ్చారు. షరతు ఒకటే. అసలు మొత్తం, వడ్డీలో పది శాతం ఒకేసారి కట్టాలి. పై ఉదాహరణలోని ఇంటికి 7,128 రూపాయలు తగ్గుతాయి, 6,792 కట్టాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లితో పాటు తొర్రూరు, మరిపెడ, డోర్నకల్ పురపాలికల వాళ్లకూ ఈ పథకాలే తెలుసు. 'ఓటీఎస్' అంటే ఆ ఊళ్లలో విడమరిచి చెప్పనక్కర్లేదు.

ముందే నిజాయితీగా కట్టినవాళ్ల సంగతేమిటన్న ప్రశ్నకు 2022 పథకంలో సమాధానం ఉంది. వడ్డీతో సహా బకాయి తీర్చినవారికి, కట్టిన వడ్డీలో 90 శాతాన్ని మున్ముందు కట్టవలసిన పన్నులో సర్దుబాటు చేస్తామన్నారు. 2020 నవంబరులో కరోనా కారణంగా ఇచ్చిన రాయితీలోనూ ఇదే పద్ధతి. హైదరాబాద్ వెలుపలి పట్టణాల్లో 10,000 రూపాయల లోపు పన్ను ఉన్న ఇళ్లకు ఆ ఏటి పన్నులో సగం తగ్గించి, అప్పటికే మొత్తం కట్టినవారికి మరుసటి ఏడాదికి జమ వేశారు. మన దగ్గర మాఫీల్లో ఇంత పాటి ధర్మం పాటించడం అరుదు కనుక చెప్పుకోవలసిందే.

కానీ ఈ పథకాలేవీ రద్దు పని చేయవు. కట్టే మనిషి ఉన్న బాకీకే ఓటీఎస్ పనికొస్తుంది. చనిపోయిన తండ్రి పేరు మీది వరుస 2020లో కదల్లేదు, 2022లో కదల్లేదు, 2024లోనూ కదల్లేదు. పైగా ప్రతి పథకం తర్వాత మిగిలిన బకాయిలో ఇలాంటి వరుసల పాలు పెరుగుతుంది. కట్టగలిగినవాళ్లు కట్టి బయటపడతారు, కూలిన ఇళ్లు మిగులుతాయి.

అసలు మొత్తాన్నే నామమాత్రం చేస్తే ఎలా ఉంటుందన్నది 2019 చట్టం చేసిన ప్రయోగం. 75 చదరపు గజాల లోపు స్థలంలో కట్టుకున్న చిన్న ఇంటికి నిర్మాణ అనుమతి అక్కర్లేదు, ఒక రూపాయితో నమోదు, ఏడాదికి 100 రూపాయల పన్ను. పేదకు మేలే. అయితే ఆ వంద కోసం బిల్లు ముద్రించి, మనిషిని రెండుమూడు సార్లు పంపితే పురపాలికకు మిగిలేది ఏమీ ఉండదు. అసలు ఉద్దేశం రాబడి కాకపోవచ్చు. పన్ను రసీదు పేదవాడికి ఇంటి ఆధారం. కరెంటు మీటరుకు, చిరునామాకు, రేపు పట్టా అడగడానికి అదే కాగితం పనికొస్తుంది. అందుకే గుడిసెవాడలో వంద రూపాయల పన్ను కట్టేందుకు జనం తామే ముందుకు రావడం, పెద్ద భవనం వాడు ఓటీఎస్ కోసం కాచుకోవడం రెండూ ఒకే పట్టణంలో జరుగుతాయి.

గీతలు మారినప్పుడు బాకీ ఎవరిది?

2018లో ఐదువందలు, ఆపైన జనాభా ఉన్న తండాలను, గూడేలను పంచాయతీలు చేశారు. రాష్ట్రంలో పంచాయతీలు పన్నెండు వేలు దాటాయి. లంబాడా తండాలు ఎక్కువగా ఉన్న మహబూబాబాద్ జిల్లాలో దీని ప్రభావం పెద్దది. 'మా తండాలో మా రాజ్యం' అన్న దశాబ్దాల కోరిక తీరింది. కొత్త పంచాయతీకి ఆఫీసు గదికన్నా ముందు వచ్చింది మాత్రం పాత ఊరి డిమాండ్ రిజిస్టరులోంచి ఎత్తి రాసిన జాబితా. ఎత్తి రాసినప్పుడు పేర్లతో పాటు పాత బకాయిలూ వచ్చాయి. తండాలో ఏనాడూ వీధిదీపం వేయని పెద్ద ఊరికి పడ్డ పన్నును ఇప్పుడు తండా పంచాయతీ వసూలు చేయాలా అన్నది న్యాయమైన ప్రశ్నే.

అదే ఏడాది తొర్రూరు, మరిపెడ, డోర్నకల్ పంచాయతీల నుంచి పురపాలికలయ్యాయి. పంచాయతీ ఆస్తులూ అప్పులూ పురపాలికకు బదిలీ అవుతాయి, రావలసిన బాకీలు కూడా. పంచాయతీలో ఇంటి నంబరు ఒక తీరు, పురపాలికలో వార్డుతో కలిపి మరో తీరు. రెండు జాబితాలూ కంప్యూటరులోకి ఎక్కినప్పుడు ఒకే ఇల్లు రెండు ఇళ్లవుతుంది. చుట్టుపక్కల పల్లెలు కలిసిన భూపాలపల్లి కూడా నగర పంచాయతీగా మొదలైన పట్టణమే. సింగరేణి గనులు, చెల్పూరు దగ్గరి కాకతీయ థర్మల్ కేంద్రం వల్ల మనుషులు వచ్చిపోతుండే చోటు. కిరాయి ఇళ్లలో నల్లా బిల్లు ఎవరు కట్టాలన్న తగాదా తెగకముందే కిరాయిదారు మారిపోతాడు.

బాకీ పడ్డది జనం మాత్రమే కాదన్నదీ గుర్తుంచుకోవాలి. వీధిదీపాల, నీటి మోటార్ల కరెంటు బిల్లుల కింద పంచాయతీలే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థకు ఏళ్లపాటు బాకీ ఉన్నాయి. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంలో ఆ బిల్లులు నెలనెలా కట్టి తీరాలన్న ఆదేశం రావడానికి కారణం అదే.

ఇంటి పన్నుకు అంటుకుని ఇంకో బాకీ ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. స్థానిక సంస్థ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. ఇంటి పన్ను రద్దయితే ఆ ఎనిమిది పైసలూ దానితోనే పోతాయి. గ్రంథాలయ సంస్థను అడిగేవాళ్లు ఉండరు. వసూలై కూడా అటు చేరని సెస్సు సంగతి వేరు. అది రద్దు కిందికి రాదు, రాకూడదు.

వెనకటి సంగతులు

నిజాం రాజ్యంలో 1317 ఫసలీ, అంటే 1907 నాటి భూమిశిస్తు చట్టం కింద ఏటేటా జమాబందీ జరిగేది. పంట పోయినచోట శిస్తు తగ్గింపు ఎంత, రాని బకాయి ఎంత అన్నది అక్కడ తేలేది. అంటే ఏడాదికోసారి కూర్చుని లెక్క తేల్చే అలవాటు రెవెన్యూకు ఉంది. పంచాయతీలకు అలాంటి రోజు ఏదీ లేదు.

1950ల ఆరంభం దాకా నల్గొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో ఇంకో రకం రద్దూ జరిగింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య కాల్పుల్లో చనిపోయాక చెలరేగిన పోరాటంలో రైతులు దేశ్‌ముఖుల, వడ్డీ వ్యాపారుల అప్పు పత్రాలను తగలబెట్టారు. తీర్మానం నంబరు లేని రద్దు అది. ఈ ప్రాంతంలో బాకీ అన్న మాటకు ఇప్పటికీ ఉన్న వేడిలో కొంత అక్కడిదే కావచ్చు.

తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర స్థాయిలో నీటి తీరువా బకాయిలు, బలహీనవర్గాల ఇళ్ల రుణ బకాయిలు మాఫీ అయ్యాయి. ఇళ్ల రుణాల విషయంలో ఆంధ్రప్రదేశ్ వేరే దారి పట్టింది. 2021 డిసెంబరులో మొదలైన జగనన్న సంపూర్ణ గృహ హక్కు పథకంలో పాత హౌసింగ్ కార్పొరేషన్ అప్పు ఎంతున్నా పల్లెలో 10,000, పురపాలికలో 15,000, నగరపాలికలో 20,000 కడితే మిగతాది కొట్టేసి రిజిస్ట్రేషన్ చేసిస్తామన్నారు. అప్పటికే ఎవరూ అడగడం మానేసిన అప్పును మళ్లీ లేపి డబ్బు గుంజుతున్నారని విమర్శలు వచ్చాయి. అడగడం మానేసి రద్దు మాత్రం చేయకుండా ఉంచిన బాకీకి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

అమెరికాలో గ్రంథాలయాలు మరో ఉదాహరణ. షికాగో 2019లో, న్యూయార్క్ 2021 అక్టోబరులో ఆలస్యపు జరిమానాలను ఎత్తేసి పాతవి కూడా కొట్టేశాయి. చిన్న బాకీ ఉన్నవాడు, ముఖ్యంగా పేద పిల్లవాడు, లైబ్రరీ మొహం చూడటమే మానేస్తున్నాడని, వచ్చే డబ్బుకన్నా అది పెద్ద నష్టమని వాళ్ల వాదన. పంచాయతీ ఆఫీసుకూ ఇది కొంతవరకు వర్తిస్తుంది. పాత నల్లా బాకీ ఉన్నవాళ్లు ఇంకే కాగితం కోసమైనా ఆ గడప తొక్కడానికి జంకుతారు.

నో డ్యూస్ రోజులు

పాత బకాయిలు తమంతట తామే వచ్చి పడే సందర్భం ఒకటుంది. సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికల్లో నిలబడేవారికి పంచాయతీ బాకీ ఉండకూడదు, అంటే 'నో డ్యూస్' కావాలి. బిల్లు గానీ నోటీసు గానీ సక్రమంగా అంది, అందులో ఇచ్చిన గడువు దాటినా కట్టకపోతే అనర్హత. 2019 జనవరిలో మూడు విడతల పంచాయతీ ఎన్నికల ముందు అభ్యర్థులు, వాళ్లను ప్రతిపాదించేవాళ్లు ఇంటి పన్ను కట్టి రసీదు పట్టుకోవడానికి వరుస కట్టారు. ఆ వారంలో కారోబార్‌కు అన్నం తినే తీరిక ఉండదు. అన్నదమ్ముల ఉమ్మడి ఇంటి బాకీ మొత్తం పోటీలో ఉన్న తమ్ముడే కట్టేస్తాడు, ఎవరి వాటా ఎంతన్నది తర్వాత చూసుకుంటారు.

ఇక్కడే చట్టంలోని 'బిల్లు అంది' అన్న మాటకు బలం వస్తుంది. బాకీ ఉన్నాడని ప్రత్యర్థి అభ్యంతరం పెడితే, బిల్లు ఇచ్చినట్టు పంచాయతీ దగ్గర సంతకం ఉందా అని రిటర్నింగ్ అధికారి అడుగుతాడు. లేకపోతే నామినేషన్ నిలుస్తుంది. అదే సంతకం లేకపోతే జప్తూ చెల్లదు, దావా చెల్లదు, రద్దు జాబితాను ఆడిట్ కూడా ఒప్పుకోదు. పంచాయతీల పాలకవర్గాల గడువు 2024 ఆరంభంలో, పురపాలక కౌన్సిళ్ల గడువు 2025 జనవరిలో ముగిసి ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లినప్పుడు, తీర్మానం చేసే సభ లేని ఆ కాలంలో రద్దు ఫైలు మీద సంతకం పెట్టవలసింది ఆ ఒక్క అధికారే. తన అసలు శాఖ పనితో పాటు పంచాయతీలు కూడా చూసుకునే ఆ అధికారి ముందు వీధిదీపాల బిల్లు, పారిశుధ్య కార్మికుల జీతాలు, పాత ఇంటి పన్ను జాబితా ఒకే బల్ల మీద ఉండేవి. మొదటి రెండూ ఆగేవి కావు కనుక మూడోది మరుసటి ఏప్రిల్‌లో పాత బకాయి గడిలోకి ఎక్కేది.